అమ్మ చెయ్యి, నా చెయ్యి

నాయిన డ్యూటీకి పోయిన రోజుల్లోనే అమ్మ మమ్మల్ని కొట్టేది. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు ఆమె వేరే మనిషి. మాకు తలంటి పోసేది, వేడి జొన్నరొట్టె మీద నూనె, కారం రాసి చేతికిచ్చేది, పక్క క్వార్టర్ వాళ్ళతో గోడ దగ్గర నిలబడి నవ్వుతూ మాట్లాడేది. ఆయన ఇనుప పెట్టె ఎత్తుకొని గడప దాటి, లోకోషెడ్డు వైపు మలుపు తిరిగాడంటే చాలు, ఆ నవ్వు ముఖం మీద నుంచి దిగిపోయేది.

డెబ్బైల మొదట్లో సంగతి ఇది. మేం కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాయిన బొగ్గింజన్ మీద ఫైర్‌మన్. బల్లార్షా వైపు బండెక్కితే రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు ఇంటికి వచ్చేవాడు కాదు. ఇంట్లో అమ్మ, నేను, నాకంటే నాలుగేళ్ళు చిన్నదైన చెల్లె. అంతే.

కొట్టడానికి పెద్ద కారణాలేవీ ఉండేవి కావు. నల్లా దగ్గర బిందె నింపుకొని రావడం ఆలస్యమైతే కొట్టేది. చెల్లె మన్ను తిన్నా నన్నే కొట్టేది. ఏ కారణమూ దొరకని రోజు నా చూపు బాగాలేదని కొట్టేది. "ఏందే ఆ చూపు?" అనేది. నా చూపులో ఏముండేదో నాకు తెలియదు. బహుశా భయమే ఉండి ఉంటుంది. చేతికి దొరికిందే ఆయుధం. ఊదుగొట్టం, పప్పుగుత్తి, ఏదీ దొరక్కపోతే చెయ్యి. నేను మాత్రం గిన్నె మీద మూత పెట్టే చప్పుడును బట్టి ఆ పూట ఎలా గడుస్తుందో చెప్పగలిగేదాన్ని. మూత మెల్లగా పడితే అన్నం తిని బడికి పోవచ్చు. గట్టిగా పడితే చెల్లెను తీసుకొని పెరట్లోకి జారుకోవాలి. ఆరేడేళ్ళ పిల్లకు అది బడిలో నేర్పే ఎక్కాలకంటే బాగా వచ్చిన విద్య.

కొట్టేటప్పుడు అమ్మ అరిచేది కాదు. అదే నాకు ఎక్కువ భయం. పని చేసుకుంటున్నట్టే, ముఖంలో ఏ మార్పూ లేకుండా కొట్టేది. మధ్యలో ఒక్కటే మాట అనేది.

"ఏడ్చినవంటే ఇంకో రెండు తింటవ్."

అందుకని ఏడుపు మింగడం నేర్చుకున్నాను. చప్పుడు లేకుండా ఏడవడం కాదు, అసలు ఏడవకుండా ఉండటం. గొంతులో ఒక చోట దాన్ని పట్టి ఆపవచ్చు. చెల్లెకు కూడా నేనే నేర్పాను.

అందరికీ తెలుసు. క్వార్టర్ల గోడలు ఎంత మందం ఉంటాయి గనుక! పక్కింటి పిన్ని ఒక్కోసారి గోడ అవతల నుంచి, "ఇగ చాలు తియ్యి! సస్తది పిల్ల!" అని కేక వేసేది. ఆ కేక వినబడితే అమ్మ చెయ్యి ఒక్కోసారి ఆగేది. కానీ ఆ పిన్ని గోడ దాటి మా ఇంటికి ఎన్నడూ రాలేదు. ఎవరి పిల్లను వాళ్ళు కొట్టుకుంటే అడగడానికి మనమెవరం అనుకునే కాలం అది. బడిలోనూ బెత్తమే, ఇంట్లోనూ బెత్తమే. కొట్టని తల్లి పిల్లలు చెడిపోతారని అందరూ నమ్మేవాళ్ళు.

నాయినకూ తెలుసు. డ్యూటీ దిగి వచ్చి, మసి కడుక్కొని, నా వీపు మీద చెయ్యి వేసినప్పుడు నేను ఉలిక్కిపడేదాన్ని. ఆయన చెయ్యి తీసేసేవాడు. అమ్మకు వినబడకుండా చెప్పేవాడు.

"ఆమెకు ఎదురు పోకు బిడ్డా. జర ఆమె చెప్పినట్టు ఇను. ఆమె గుణం తెల్సు గదా."

నాయిన చెడ్డవాడు కాదు. మమ్మల్ని ఒక్క దెబ్బ కొట్టలేదు. బల్లార్షా నుంచి వచ్చేటప్పుడు కాగితంలో చుట్టి నారింజపండ్లు తెచ్చేవాడు. అవి తింటూ నేను ఆయన్ని ప్రేమించేదాన్ని. ఆయన చూసీ చూడనట్టు ఉన్నాడన్న సంగతి అర్థం కావడానికి నాకు ఇంకో పదిహేనేళ్ళు పట్టింది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు కుడి మణికట్టు విరిగింది. పాలు పొంగిపోయాయి. నన్ను చూస్తూ ఉండమని చెప్పి అమ్మ బట్టలు ఆరేయడానికి పోయింది. నేను చూస్తూనే ఉన్నాను, కానీ పొంగేటప్పుడు గిన్నె దించడానికి పట్టుకార దొరకలేదు. అమ్మ వచ్చి ఊదుగొట్టం తీసుకుంది. తలకు చేతులు అడ్డం పెట్టుకున్నాను. దెబ్బ మణికట్టు మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు వచ్చింది. నేనూ విన్నాను, అమ్మా విన్నది. గొట్టం కింద పడేసింది.

దవాఖానకు రిక్షాలో పోతుంటే అమ్మ నన్ను ఒడిలో కూర్చోబెట్టుకొని, నా చెయ్యిని తన కొంగులో చుట్టి పట్టుకుంది. రైల్వే గేటు దగ్గర బండి కోసం రిక్షా ఆగినప్పుడు నా చెవిలో చెప్పింది.

"ఎవ్వలన్న అడిగితే గోడ మీదికెల్లి పడ్డ అని చెప్పు. సమజైందా?"

తల ఊపాను. దవాఖానలో పట్టీ వేస్తున్న నర్సు నా వీపు మీది పాత మచ్చలు కూడా చూసింది. "ఎట్ల పడ్డవ్ బిడ్డా?" అని అడిగింది. గోడ మీదికెల్లి పడ్డానని చెప్పాను. ఆమె అమ్మ వైపు చూసింది. అమ్మ కిందికి చూసింది. నర్సు ఇంకేమీ అడగలేదు. నిజం చెప్పాలంటే, ఆమె మళ్ళీ ఒకసారి అడుగుతుందేమోనని నేను ఎదురుచూశాను. రెండోసారి అడిగితే చెప్పేద్దామని ఉండింది.

ఆ తర్వాతి నెల నా బాల్యంలోకెల్లా మంచి నెల. ఇలా రాయడం వింతగా ఉంటుంది, కానీ అదే నిజం. కుడిచెయ్యి పిండికట్టులో ఉంది కాబట్టి అమ్మ అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టేది. పప్పుచారులో అన్నం మెత్తగా పిసికి, చల్లారిందో లేదో తన పెదవికి తాకించి చూసి, నా నోట్లో పెట్టేది. జడ వేసేది. బడికి చేయి పట్టుకొని తీసుకుపోయేది. ఆ నెల రోజులు చెల్లెను కూడా కొట్టలేదు. కట్టు విప్పే రోజు దగ్గర పడుతుంటే నాకు దిగులు పట్టుకుంది. ఇంకో చెయ్యి కూడా విరిగితే బాగుండునని అనుకున్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల అలా అనుకుంది.

ఆ మరుసటి ఎండాకాలం అమ్మమ్మ ఊరికి పోయాం. పాలకుర్తిలో బస్సు దిగి, ఎర్రమన్ను బాటలో గంటసేపు నడిస్తే వచ్చే పల్లె. అమ్మమ్మ ఒంటరి మనిషి. తాత ఎప్పుడో పోయాడు. కూలికి పోయి, కౌలుకు మిరప వేసి పిల్లల్ని పెంచింది. బక్కగా, పొట్టిగా ఉండేది. నాకు తప్ప ఎవరికైనా ఆమెను చూస్తే జాలి కలిగేది. నాకు మాత్రం ఆ కళ్ళు ఎక్కడో చూసినట్టు అనిపించేవి.

మేం పోయిన మూడో రోజు మధ్యాహ్నం అకస్మాత్తుగా మబ్బు పట్టింది. వాకిట్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. అమ్మమ్మ పక్క చేనుకు పోతూ, మబ్బు పడితే ఎత్తమని అమ్మకు చెప్పి పోయింది. అమ్మ చెల్లెను పడుకోబెడుతూ తనూ కునుకు తీసింది. చినుకులు పడ్డాక లేచి పరుగెత్తింది. సగం కాయలు తడిసిపోయాయి. అంతలో అమ్మమ్మ పరుగున వచ్చింది. పశువుల కొట్టం గుంజకు వేలాడుతున్న పలుపు తాడు తీసింది.

అమ్మకు అప్పటికి ముప్పై దగ్గర పడుతున్నాయి. అమ్మమ్మకంటే జానెడు పొడుగు. ఒక్క తోపు తోస్తే ఆ ముసలామె కింద పడేది. కానీ అమ్మ తోయలేదు. పారిపోలేదు. అక్కడే ముడుచుకొని కూర్చొని, మోచేతులు ముందుకు పెట్టి తల దాచుకుంది. రెండు మోచేతుల మధ్య తల, మోకాళ్ళ మీద గడ్డం. అది నేను కూర్చునే తీరు. అచ్చంగా నాదే. నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదనుకున్నాను.

"ఇద్దరు పిల్లల తల్లివైనవ్, ఇంక బుద్ధి రాకపాయె గదనే నీకు!" అంటూ అమ్మమ్మ కొడుతోంది. అమ్మ ఏడవడం లేదు. వాన పెద్దదైంది. మిరపకాయల ఎర్రనీళ్ళు వాకిట్లో పారుతున్నాయి. నేను చూరు కింద నిలబడి చూస్తున్నాను. సంతోషం కలగాలి కదా, కలగలేదు.

తర్వాత అమ్మ బావి దగ్గర ముఖం కడుక్కుంటుంటే దగ్గరికి పోయాను.

"నొప్పైతాందా అమ్మా?"

"నోరు మూస్కో. మీ నాయినకు చెప్పకు."

కాసేపు నీళ్ళు పోసుకుంది. తర్వాత, నాతో కాదు, బావితో అన్నట్టుగా అంది.

"గిప్పుడు మా అమ్మ మంచిగనే అయ్యింది. నీ అంత ఉన్నప్పుడైతే గుంజకు కట్టేసి కొట్టేది. పొద్దుగూకేదాక ఇప్పకపోయేది."

ఆ ఒక్క మాటతో నాకు లోకం మొత్తం అర్థమైపోయిందనుకున్నాను. అమ్మకు నొప్పి అంటే ఏమిటో తెలుసు. నాకంటే బాగా తెలుసు. ఇంక కొట్టదు. కాజీపేట తిరిగి వచ్చే బస్సులో అమ్మ భుజం మీద తల పెట్టుకొని నిద్రపోయాను. పద్దెనిమిది రోజులు కొట్టలేదు. నేను లెక్క పెట్టాను. పంతొమ్మిదో రోజు చెల్లె గాజుగ్లాసు పగలగొట్టింది.

నొప్పి తెలిసినంత మాత్రాన చెయ్యి ఆగదని నాకు తెలిసింది ఆ రోజే. ఆ తర్వాత అమ్మ నుంచి ఏమీ ఆశించలేదు.

పదిహేనేళ్ళు వచ్చేసరికి నేను ఆమెకంటే పొడుగయ్యాను. అప్పటికి దెబ్బలు తగ్గి తిట్లు మిగిలాయి. టెన్త్ తప్పాను. కుట్టుపని నేర్చుకున్నాను. ఎనభైలో, నా పద్దెనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఆయనకు మట్టెవాడలో చిన్న టైలర్ షాపు. కింద షాపు, పైన రెండు గదుల ఇల్లు. ఆయన నెమ్మదైన మనిషి. మాట ఒకటికి రెండుసార్లు ఆలోచించి మాట్లాడతాడు. నేను ఆ ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడు, అమ్మ ఇల్లు వెనక వదిలి వచ్చాననుకున్నాను. కాజీపేటకూ మట్టెవాడకూ మధ్య ఎంత దూరమని? బస్సెక్కితే అరగంట.

ఏడాదికి కూతురు పుట్టింది. దవాఖానలో దాన్ని ఒళ్ళో పెట్టినప్పుడు, నీ మీద చెయ్యి ఎత్తనని మనసులో ఒట్టు పెట్టుకున్నాను. ప్రతి తల్లీ పెట్టుకుంటుందేమో. మా అమ్మ కూడా పెట్టుకొని ఉంటుంది.

పాపకు మూడేళ్ళు దాటాక మొదలైంది. మొదట చెయ్యి మీద చిన్న దెబ్బ. తర్వాత వీపు మీద. అన్నం తినకపోతే ఒకటి, చెప్పిన మాట వినకపోతే ఒకటి. ఇది కొట్టడం కాదు, భయం చెప్పడం అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. నేను ఊదుగొట్టం తీయలేదు కదా. నేను మా అమ్మను కాదు కదా. కాజాలు కుట్టేపని నాది. పండుగలప్పుడూ పెళ్ళిళ్ళప్పుడూ షాపు నుంచి బట్టల మూటలు పైకి వచ్చేవి. పొద్దుటి నుంచి మెడ వంచి కుడుతుంటే, మధ్యాహ్నానికి చేతులు గుంజేవి. ఆ సమయాల్లోనే ఎక్కువ.

ఆ రోజు ఒక పెళ్ళికొడుకు సూటు గుడ్డ, కత్తిరించి గుర్తులు పెట్టినది, నా పక్కన ఉంది. నేను దారం కోసం కిందికి పోయి వచ్చేసరికి, నాలుగేళ్ళ నా కూతురు కత్తెర పట్టుకొని దాని అంచు కత్తిరిస్తోంది. బొమ్మకు అంగీ కావాలట. నవ్వుతూ చూపించింది.

తర్వాత ఏం జరిగిందో ముక్కలుగానే గుర్తుంది. చెక్క స్కేలు నా చేతిలో ఉంది. నా నోట్లో నుంచి ఒక గొంతు వచ్చింది, అరుపు కాదు, మామూలు గొంతు.

"ఏడ్చినవంటే ఇంకో రెండు తింటవ్."

పాప ఏడుపు ఆపేసింది. ఒక్కసారిగా. గొంతులో పట్టి ఆపింది. నేల మీద కూర్చొని, మోచేతులు ముందుకు పెట్టి, వాటి మధ్య తల దాచుకుంది.

అప్పుడు ఆగింది నా చెయ్యి. జాలితో కాదు. దిమ్మ తిరిగినట్టయి ఆగింది. నేను ఆ పిల్లకు ఏడుపు మింగడం ఎప్పుడు నేర్పాను? ఒక్క రోజులో వచ్చే విద్య కాదది. అంటే ఇది మొదటిసారి కాదు. పదోసారో ఇరవయ్యోసారో. నేను లెక్కపెట్టుకోలేదు. లెక్కపెట్టడం దెబ్బ తిన్నవాళ్ళ పని.

చప్పుడు విని ఆయన పైకి వచ్చాడు. గడపలో నిలబడి గుడ్డను చూశాడు, స్కేలును చూశాడు, పాపను చూశాడు. గుడ్డ గురించి ఒక్క మాట అనలేదు. పాపను ఎత్తుకొని, వీపు మీద గౌను పైకి లేపి చూసి, మళ్ళీ కప్పాడు. అప్పుడు నాతో మాట్లాడాడు.

"నిన్ను తిడుతలేను. చెప్తాన, ఇను. ఇంకోసారి గిట్లైతే పిల్లను మా అక్క దగ్గర ఉంచుత. నువ్వు ఏడ్చినా ఉంచుత. నిన్ను అడుగ."

ఆ రోజు ఆయన మీద నాకు వచ్చినంత కోపం మా అమ్మ మీద కూడా ఎప్పుడూ రాలేదు. పాపను నా నుంచి గుంజుకుంటాడా అని మండిపోయాను. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు అన్నం వడ్డిస్తుంటే ఒక సంగతి తట్టింది. నాయిన ఇలా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మా అమ్మతో అని ఉంటే!

చెల్లె అప్పుడు హన్మకొండలో హాస్టల్లో ఉండి టీచర్ ట్రైనింగ్ చదువుతోంది. నా గోడు చెప్పుకుందామని పోయాను. లోకంలో నన్ను అర్థం చేసుకునే మనిషి అదొక్కతే అనుకున్నాను. ఒకే ఇంట్లో, ఒకే చేతి కింద పెరిగినవాళ్ళం. హాస్టల్ మెట్ల మీద కూర్చొని అంతా చెప్పాను. సూటు గుడ్డ, స్కేలు, ఆయన అన్న మాట. చివరికి, "అమ్మ లెక్క అయితాననే, నాకు భయమైతాంది" అన్నాను.

చెల్లె వేళ్ళకు అంటిన సుద్ద గోకుతూ కూర్చుంది.

"అక్కా, ఒక మాట చెప్త, కోపానికి రాకు" అంది. "చిన్నప్పుడు నేను అమ్మకంటే నీకే ఎక్కువ భయపడేదాన్ని."

నేను నవ్వబోయాను. అది నవ్వడం లేదు.

"అమ్మ కొడ్తే నువ్వు అడ్డమొచ్చేదానివి. నువ్వు కొడ్తే ఎవ్వలు అడ్డమొస్తరు? అమ్మ నిన్ను కొట్టినప్పుడల్లా, ఆమె బయటకు పోంగనే నువ్వు నన్ను కొట్టేదానివి. నీకు యాద్ లేదా?"

గుర్తు లేదు. ఇప్పటికీ సరిగ్గా గుర్తు లేదు. పెరట్లో దాన్ని చెవి పట్టి గుంజిన ఒక్క బొమ్మ మసకగా ఉంది. కానీ చెల్లె అబద్ధం చెప్పే మనిషి కాదు. నన్ను సాధించడానికీ చెప్పలేదు. టీ తాగించి, బస్సు దాకా వచ్చి సాగనంపింది. ఇన్నేళ్ళు నేను దెబ్బలు తిన్నదాన్ని అనే లెక్కలోనే బతికాను. తొమ్మిదేళ్ళకే కొట్టేదాన్ని కూడా అయ్యానన్న సంగతి ఇప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం మట్టెవాడలో బస్సు దిగి ఇంటికి నడవడానికి కూడా ఓపిక లేక, ఒక దుకాణం అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను.

అక్కడి నుంచి నేను మారిపోయానని రాస్తే బాగుంటుంది. అలా జరగలేదు.

ముందు ఆయన స్కేలు, కత్తెర, ఇస్త్రీపెట్టె అన్నీ కిందికి తీసుకుపోయాడు. కాజాల పని సగం బయటకు ఇచ్చాడు. నేను చేయగలిగింది ఒక్కటే కనిపెట్టాను. మోచేతి దగ్గర వేడి మొదలైతే, అది నాకు ముందే తెలిసేది, చేతిలో ఉన్నది అక్కడే పెట్టేసి మెట్లు దిగి బోరింగ్ దగ్గరికి పోయేదాన్ని. బకెట్ నిండేదాకా కొట్టేదాన్ని. అవసరం లేకపోయినా ఇంకో బకెట్. వాడకట్టు ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "ఏమమ్మా, గన్ని నీళ్ళెందుకు, ఇల్లంత కడుగుతాన్నవా?" అనేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. భుజాలు పడిపోయాక పైకి పోయేదాన్ని.

పాపకు చెప్పుకోవాలి కదా. మన దగ్గర పెద్దవాళ్ళు పిల్లల్ని క్షమాపణ అడిగే మాట ఏదీ లేదు. దేవుడి ముందు అనే 'క్షమించు' నోట్లో ఇమడలేదు. ఇంగ్లీషు మాటే దొరికింది.

"సారీ బిడ్డా" అన్నాను ఒక రోజు, జడ వేస్తూ.

"సారీ అంటే మళ్ల కొట్టవా?" అంది అది, తల తిప్పకుండా.

"కొట్ట."

ఆ మాట రెండుసార్లు తప్పాను. ఒకసారి దానికి జ్వరం వచ్చి మందు ఉమ్మేసినప్పుడు. ఇంకోసారి బడికి పోనని మెట్ల మీద పడుకున్నప్పుడు. రెండుసార్లూ సాయంత్రం ఆయన షాపు నుంచి పైకి రాగానే నేనే చెప్పాను. మొదటిసారి ఆయన పాపను నిజంగానే వాళ్ళక్క ఇంటికి తీసుకుపోయాడు. పది రోజులు. ఆ పది రోజులు పాపను తెమ్మని నేను అడుక్కోలేదు. రెండోసారి తీసుకుపోలేదు, ఎందుకో అడగలేదు. ఆ రెండోసారే చివరిసారని నేను అనుకుంటాను. మా అమ్మాయి కాదంటుంది, ఇంకొకటి ఉందంటుంది. దాని మాటే నిజమై ఉంటుంది.

ఒక్క సంగతి మాత్రం ఎవరూ నాకు చెప్పలేదు. కొట్టకుండా ఉండటం ఎంత అలసట! కోపం తగ్గిందని కాదు, కాపలా పెరిగింది. పొద్దున లేచింది మొదలు నా చేతిని నేనే కనిపెట్టుకొని ఉండాలి. అత్తగారింటి చుట్టాలు వచ్చి పిల్లను చూసి, "నోరు బాగ లేస్తాంది, రెండు అంటియ్యరాదు" అంటే నవ్వి ఊరుకోవాలి. నిద్రలేచేసరికే డ్యూటీ దిగి వచ్చినట్టు ఉండేది.

ఎనభై ఎనిమిదిలో అమ్మకు కంటి ఆపరేషన్ అయి, మా ఇంట్లో ఉండటానికి వచ్చింది. నాయిన రిటైరయ్యాడు. కాజీపేటలోనే అద్దె ఇంట్లో ఒక్కడే వండుకుంటున్నాడు. అమ్మ యాభై నిండకముందే ముసలిదైంది. పచ్చని అట్టముక్క కంటి మీద కట్టుకొని మంచం మీద కూర్చునేది. మా అమ్మాయి ఆమెకు కథల పుస్తకం చదివి వినిపించేది. చూస్తుంటే ముచ్చటగానే ఉండేది.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం, అమ్మాయి పరుగెత్తుతూ అమ్మ మందుల డబ్బా తన్నింది. కంటి చుక్కల సీసా పగిలింది. నేను వంటగదిలో నుంచి వచ్చేసరికి, అమ్మ ఒక చేత్తో దాని జడ పట్టుకొని, ఇంకో చేత్తో విసనకర్ర తిప్పి పట్టుకుంది, కాడ పైకి వచ్చేటట్టు. మా అమ్మాయి బిత్తరపోయి చూస్తోంది. దానికి ఏం జరగబోతోందో అర్థం కాలేదు. నాకు అర్థమైంది. పోయి అమ్మ మణికట్టు పట్టుకున్నాను. సన్నగా, పుల్లలా ఉంది.

"ఇడువమ్మా."

"ఏందే? పిల్లకు భయం లేకుండ పెంచుతాన్నవ్. చెయ్యి ఇడువు."

"నా ఇంట్ల పిల్లను కొట్టొద్దు."

అమ్మ కట్టులేని కంటితో నన్ను చూసింది.

"నా చేతుల పెరిగి నువ్వు ఖరాబైనవా? మంచిగనే ఉన్నవ్ గదా!"

"మంచిగ లేనమ్మా" అన్నాను. అంతకంటే చెప్పడానికి ఓపిక లేదు.

అమ్మాయి మెల్లగా జడ విడిపించుకొని కిందికి, షాపులోకి పోయింది. అమ్మ చేతిలో విసనకర్ర జారిపోయింది. నేను చెయ్యి వదల్లేదు. ఆమె గుంజుకోలేదు. అడిగింది, కోపంగా కూడా కాదు.

"మరి నన్ను కొట్టినప్పుడు మా అమ్మ చెయ్యి ఎవ్వలు పట్టిండ్రే?"

తొమ్మిదేళ్ళ వయసులో చూరు కింద నిలబడి చూసిన మనిషిని నేను.

సాయంత్రానికి అమ్మ బట్టలు సంచిలో పెట్టుకుంది. ఉండమని నేను అనలేదు. మరుసటి రోజు నాయిన వచ్చి తీసుకుపోయాడు. బస్సు కోసం నిలబడ్డప్పుడు నాయిన నాతో అన్నాడు.

"ముసలిది. కంటి ఆపరేషన్ అయిన మనిషి. జర ఓర్చుకుంటే ఏమాయె బిడ్డా?"

"నువ్వు ఓర్చుకున్నవ్ గదా నాయినా, చాలు."

"నేను డ్యూటీల ఉంటి గదా. ఇంట్ల ఎప్పుడుంటి?"

"ఉన్న రోజు గూడ లేవు."

ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. బస్సు వచ్చింది. అమ్మకు చెయ్యి పట్టి ఎక్కించాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ మాట అన్నందుకు నాకు తేలిక కలగలేదు. ముసలాయన్ని నడిరోడ్డు మీద ఎందుకు నొప్పించాను అనే అనిపించింది. అన్నందుకు పశ్చాత్తాపమూ లేదు.

మూడు నెలలకు అమ్మ తనే వచ్చింది, రెండో కంటికి. జరిగినదాని గురించి ఆమె మాట్లాడలేదు, నేనూ ఎత్తలేదు. అమ్మాయిని కొట్టలేదు. కానీ అది అల్లరి చేసినప్పుడు ఆమె తన రెండు చేతులూ చంకల కింద పెట్టుకొని, గోడ వైపు తిరిగి కూర్చునేది. నేను చూసేదాన్ని. ఆమెకూ కాపలా అవసరమైందని తెలిసేది. అంతవరకే మా మధ్య సయోధ్య. ఒకసారి అమ్మాయిని ఒళ్ళో కూర్చోబెట్టుకొని, "మీ అమ్మ నేనంటే గజగజ వణుకుతుండె. నీకు నేనంటే భయం లేదానే?" అని అడిగింది. "నాకెందుకు భయం అమ్మమ్మా?" అని అది ఎదురు అడిగింది. అమ్మ దాని జడ సవరించింది.

ఆ ఏడాది చివర్లో అమ్మాయి లెక్కల పరీక్షలో తప్పింది. మూడో తరగతి. బడి నుంచి వస్తూనే సంచి పడేసి, ఎర్ర సిరాతో సున్నాలు చుట్టిన కాగితం తీసి నా ముందు పెట్టింది.

"అమ్మా, తప్పిన. సంతకం పెట్టు. మా సోపతిగాళ్ళు కింద ఆగిండ్రు, ఆడుకోవాలె."

దాచిపెట్టాలని దానికి తోచలేదు. నా ముఖం ఎలా ఉందో చూడలేదు. పెన్ను వెతికి సంతకం పెట్టాను. అది మెట్ల మీద దడదడ దూకుతూ పోయింది. అమ్మ గోడ వైపు తిరిగి కునుకు తీస్తోంది. కింద మిషను చప్పుడు వినబడుతోంది. కాగితం మడిచి దాని సంచిలో పెట్టి, అక్కడే నేల మీద ఒరిగాను. కళ్ళు మూతపడ్డాయి. లేచేసరికి చీకటి పడింది. అమ్మ మంచం మీది దుప్పటి ఎవరో నా మీద కప్పారు.